గర్భిణిగా మొదటి చెకప్: ఏం తీసుకెళ్లాలి, అక్కడ ఏం చేస్తారు, బయటికి వచ్చేముందు ఏం సరిచూసుకోవాలి

నెల తప్పింది, ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండు గీతలు వచ్చాయి. అక్కడినుంచి అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లాలి? పరగడుపున వెళ్లాలా? లోపల పరీక్ష చేస్తారా? స్కాన్ ఆ రోజే తీస్తారా? పీహెచ్‌సీలో పేరు రాయించుకుంటే కాన్పు కూడా అక్కడే చేయించుకోవాలా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పీహెచ్‌సీకి, బస్తీ దవాఖానాకు, ఏరియా ఆస్పత్రికి, ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లే ఎవరికైనా పనికొచ్చేలా వీటికి వరసగా జవాబులు రాస్తున్నాం.

ముందుగా ఒక హెచ్చరిక

రక్తస్రావం అవుతున్నా, పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, భుజం చివర కారణం తెలియని నొప్పి ఉన్నా చెకప్ రోజు కోసం ఆగకండి. గర్భం సంచిలో కాకుండా దాని పక్కనుండే అండవాహిక గొట్టంలో నిలిచినప్పుడు ఇలాగే ఉంటుంది. గొట్టం పగిలితే ప్రాణాపాయం. 108కి ఫోన్ చేసి స్కానింగ్, ఆపరేషన్ సదుపాయం ఉన్న ఆస్పత్రికి ఆ పూటే వెళ్లండి. మంచినీళ్లు కూడా కడుపులో నిలవనంతగా వాంతులై, మూత్రం బాగా తగ్గిపోయినా అంతే, అదే రోజు వెళ్లాలి.

ఎప్పుడు వెళ్లాలి?

12 వారాలు నిండకముందే వెళ్లాలి. నెల తప్పిన రెండు మూడు వారాల్లోపు వెళ్తే ఇంకా మంచిది.

మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదన్నది చాలా ఇళ్లలో ఉన్న పట్టింపు. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు చెప్పకపోతే నష్టమేమీ లేదు. ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు, డాక్టరుకు చెప్పకపోతేనే నష్టం. బిడ్డ వెన్నెముక, మెదడు రూపుదిద్దుకునే మొదటి ఘట్టం నెల తప్పిన రెండు వారాలకే అయిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా అక్కరకొచ్చేది ఆ రోజుల్లోనే.

ఇంకో కారణం బీపీ. గర్భం నాలుగైదు నెలలకు వచ్చేసరికి బీపీ సహజంగా కాస్త తగ్గి, చివరి నెలల్లో మళ్లీ పెరుగుతుంది. మొదటిసారే ఏడో నెలలో వచ్చిన మనిషికి బీపీ 140/90 ఉందంటే, అది ముందునుంచీ ఉన్నదా, ఇప్పుడు గర్భం వల్ల వచ్చిందా అన్నది తేల్చడం కష్టం. వైద్యమేమో ఆ తేడాను బట్టే ఉంటుంది. బరువు సంగతీ, గర్భసంచి పరిమాణం సంగతీ ఇంతే. తొలి చెకప్‌లో రాసిన అంకెలు ఉంటేనే తర్వాతి అంకెలకు అర్థం.

నెలనెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక వైద్యశిబిరం ఉంటుంది కదా, ఆ రోజే వెళ్దామని కొందరు ఆగుతారు. 2016లో మొదలైన ఆ కార్యక్రమం ముఖ్యంగా నాలుగో నెల నుంచి పైబడినవారికి. పేరు రాయించుకోవడానికి 9వ తేదీ కోసం చూడనక్కర్లేదు.

ఏం తీసుకెళ్లాలి

- ఆధార్ కార్డు, మీ పేరున ఉన్న బ్యాంకు పాస్‌బుక్, దగ్గరుండే ఫోన్ నంబరు. భర్త ఫోన్ దుబాయిలోనో, లారీ మీదో తిరుగుతుంటే ఆ నంబరు ఇవ్వకండి. రిపోర్టుల సంగతి, తర్వాతి తేదీ చెప్పడానికి ఏఎన్‌ఎం చేసేది ఆ నంబరుకే.
- పాత కాగితాలన్నీ: ముందు కాన్పు డిశ్చార్జి చీటీ, పాత తల్లీబిడ్డల కార్డు, ఆపరేషన్ కాగితాలు, బ్లడ్ గ్రూపు రిపోర్టు.
- ఇప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులు. పేరు నోటితో చెప్పడం కాదు, స్ట్రిప్పే తీసుకెళ్లండి. మొటిమల మందు, నాటుమందు, కషాయం, పసరు కూడా లెక్కలోకే వస్తాయి.
- తినడానికి ఏదైనా, అర లీటరు మంచినీళ్లు, వాంతి వస్తే పట్టుకోవడానికి ఒక కవరు. వరసలో రెండు మూడు గంటలు పట్టడం మామూలే. వేవిళ్లతో ఖాళీ కడుపున నిలబడితే కళ్లు తిరుగుతాయి.
- ఒక తెల్ల కాగితం, పెన్ను.

బట్టల విషయం: చేతులు పైకి జరిగే వదులు జాకెట్టు లేదా కుర్తా, రెండు ముక్కల దుస్తులు మేలు. బిగుతు జాకెట్టు చేతి మీద బీపీ పట్టీ కడితే అంకె తప్పొస్తుంది.

పరగడుపు అవసరమా? పీహెచ్‌సీలో గర్భిణులకు చేసే షుగరు పరీక్షకు అక్కర్లేదు. కొన్ని ప్రైవేటు ల్యాబులు పరగడుపున రమ్మంటాయి. ముందురోజే ఫోన్ చేసి అడగండి.

1. ఇంటిదగ్గరే: ఆఖరి నెలసరి తేదీ తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అందుకే కాస్త ఎక్కువగా చెబుతున్నాం.

డాక్టరు అడిగేది ఆఖరిసారి బయట చేరినప్పుడు రక్తం కనిపించిన మొదటి రోజు. ఆగిపోయిన రోజు కాదు, తలస్నానం చేసిన రోజు కాదు, రావలసి ఉండి రాని రోజు అసలే కాదు. ఒక ఉదాహరణ చూడండి. ఆగస్టు 3న నెలసరి మొదలైంది. దానికి 9 నెలలు, 7 రోజులు కలిపితే మే 10. అదే కాన్పు అంచనా తేదీ. కానీ ఆమె పొరపాటున "నెల తప్పిన రోజు" అని ఆగస్టు 31 చెప్పింది. అప్పుడు అంచనా తేదీ జూన్ 7కు పోతుంది. నాలుగు వారాల తేడా! నిజానికి నెలలు నిండిన బిడ్డ కార్డులో నెల తక్కువ బిడ్డ అవుతుంది, తేదీ దాటిపోయినా ఎవరికీ తెలియదు.

తేదీ గుర్తులేకపోతే గోడ క్యాలెండరు ముందు కూర్చోండి. వరలక్ష్మీ వ్రతం చేసుకోగలిగారా? వినాయక చవితినాడు పూజలో కూర్చున్నారా, పక్కన ఉన్నారా? బతుకమ్మ ఆడారా? ఏ పెళ్లికి వెళ్లలేకపోయారు? ఇలా పండగలను బట్టి వెనక్కి వెళ్తే చాలామందికి రెండు మూడు రోజుల తేడాలో తేదీ దొరుకుతుంది. అప్పటికీ తేలకపోతే "గుర్తులేదు" అనే చెప్పండి. ఊహించి చెప్పిన తేదీ కన్నా అదే నయం, స్కాన్‌తో తేలుస్తారు.

మీకు నెలసరి ఎన్ని రోజులకోసారి వస్తుందో కూడా చెప్పాలి. పై లెక్క 28 రోజులకు వచ్చేవాళ్లది. 35 రోజులకోసారి వస్తే మరో వారం కలపాలి, మే 10 కాస్తా మే 17 అవుతుంది. పాలిచ్చే రోజుల్లో నెలసరి రాకుండానే గర్భం నిలిచినా, గర్భనిరోధక మాత్రలు ఆపిన వెంటనే నిలిచినా ఆ సంగతి చెప్పండి.

ఇంకొకటి, ఇళ్లలో అనవసరపు గొడవలకు దారితీసేది. గర్భం వారాలను ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. గర్భం నిలిచేదేమో సుమారు రెండు వారాల తర్వాత. కాబట్టి పెళ్లయి ఐదు వారాలే అయిన అమ్మాయికి "ఏడు వారాల గర్భం" అని రిపోర్టు రావడంలో వింత ఏమీ లేదు. అనుమానించాల్సింది అంతకన్నా లేదు. భర్తలు, అత్తమామలు ఈ ఒక్క వాక్యం చదివినా చాలు.

2. రాగానే: పేరు, కార్డు

పీహెచ్‌సీలో ఓపీ చీటీ తీసుకున్నాక ఏఎన్‌ఎం మీ వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించి, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఇస్తారు. ఎంసీపీ కార్డు అనేది దీన్నే. ఆన్‌లైన్ రికార్డుల్లో మిమ్మల్ని గుర్తించే ఆర్‌సీహెచ్ నంబరు కూడా మీ పేరున ఒకటి వస్తుంది. కార్డు మీద అది రాశారో లేదో అప్పుడే చూడండి. ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉంటే పథకాల డబ్బు ఆగిపోయేది అక్కడే. ఏ పేరుతో ఎక్కించారో అడిగి తెలుసుకోండి.

ప్రైవేటులో చూపించుకునేవాళ్లు కూడా మీ ప్రాంత ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించుకోవచ్చు, రాయించుకోవాలి. దానివల్ల కాన్పు సర్కారు ఆస్పత్రిలోనే చేయించుకోవాలన్న బంధనం ఏదీ లేదు. టీకాలు, మాత్రలు, అంగన్‌వాడీ పోషకాహారం, అత్యవసరంలో వాహనం, రేపు బిడ్డ టీకాల లెక్క అన్నీ ఈ పేరుతోనే ముడిపడి ఉంటాయి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన అమలవుతున్న చోట తొలి కాన్పుకు రెండు విడతల్లో 5,000 రూపాయలు వస్తాయి, ఆ లెక్క కూడా ఈ నమోదు నుంచే మొదలవుతుంది. మీ ఊళ్లో ఏ పథకాలు వర్తిస్తాయో ఏఎన్‌ఎంను అక్కడే అడగండి.

3. ముందు మూత్రం, తర్వాత బీపీ, చివర్లో నీళ్లు

ఈ వరస గుర్తుపెట్టుకోండి. పొట్ట మీదనుంచి తీసే తొలి నెలల స్కాన్‌కు మూత్రాశయం నిండి ఉండాలి. బీపీకేమో ఖాళీగా ఉండాలి, బిగపట్టుకుని కూర్చుంటే అంకె పెరుగుతుంది. కాబట్టి రాగానే మూత్రం నమూనా ఇచ్చేసి, ఐదు నిమిషాలు కూర్చుని బీపీ చూపించుకుని, స్కాన్‌కు గంట ముందు మూడు నాలుగు గ్లాసుల నీళ్లు తాగండి.

మూత్రం పట్టేటప్పుడు ముందు నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది సీసాలో పట్టాలి. తెల్లబట్ట కలిస్తే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఉన్నట్టు తప్పుడు ఫలితం రావచ్చు. అల్బుమిన్ "ఉంది" అని వస్తే కంగారుపడకుండా ఇలా శుభ్రంగా పట్టి రెండోసారి ఇవ్వండి.

బీపీ చూసేటప్పుడు వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి, మాట్లాడకుండా కూర్చోవాలి. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతోనో, టీ తాగిన వెంటనేనో చూపించుకోకండి. 140/90 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే కాసేపాగి మళ్లీ చూడమని అడగండి. అప్పుడూ అంతే ఉంటే డాక్టరును చూడకుండా ఇంటికి రావద్దు.

బరువు చెప్పులు విప్పి, చేతిసంచి పక్కన పెట్టి చూసుకోవాలి. ప్రతిసారీ అదే యంత్రం మీదైతే మంచిది. గర్భం మొత్తంలో 9 నుంచి 11 కిలోలు పెరగాలన్నది సాధారణ లెక్క. బక్కగా ఉన్నవాళ్లు ఇంకాస్త, లావుగా ఉన్నవాళ్లు కొంత తక్కువ పెరిగితే చాలు. వేవిళ్ల వల్ల మొదటి మూడు నెలల్లో బరువు పెరగకపోయినా, కిలో అరకిలో తగ్గినా భయం లేదు. ఎత్తు కూడా కొలిపించుకోండి. 145 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే కాన్పు ఎక్కడన్నది ముందే ఆలోచించాలి.

4. ప్రశ్నలు: ఇక్కడ దాచేదేదైనా మీకే నష్టం

వయసు, పెళ్లయి ఎన్నేళ్లు, ఇది ఎన్నో గర్భం, ముందు కాన్పులు ఎలా జరిగాయి, గర్భస్రావాలు అయ్యాయా అని అడుగుతారు. మెడికల్ షాపులో మాత్రలు కొని తీయించుకున్న గర్భం కూడా లెక్కే. పుట్టాక పోయిన బిడ్డ కూడా లెక్కే, ఎంత బాధైనా చెప్పాలి. ఎన్నో నెలలో, ఏమని చెప్పారు అన్నదాన్ని బట్టి ఈసారి జాగ్రత్తలు మారతాయి.

అత్తగారి ముందో, భర్త ముందో చెప్పలేనిది ఉంటే "ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలి" అనండి. అలా అడిగే హక్కు మీకుంది. నర్సులు, డాక్టర్లు అలవాటుపడిన మాటే అది.

మన దగ్గర తప్పక చెప్పాల్సింది మేనరికం. మేనమామను చేసుకున్నా, మేనబావను చేసుకున్నా, చిన్నాన్న పెద్దనాన్నల పిల్లల వరసలో ఏదైనా దగ్గరి చుట్టరికం ఉన్నా చెప్పండి. రెండు కుటుంబాల్లో ఎవరికైనా తలసీమియా, సికిల్‌సెల్, పుట్టుచెవుడు, పిల్లలు చిన్నప్పుడే పోవడం వంటివి ఉన్నా చెప్పండి. అదిలాబాద్, అల్లూరి సీతారామరాజు జిల్లాల వంటి గిరిజన ప్రాంతాల వాళ్లు సికిల్‌సెల్ పరీక్ష అడిగి మరీ చేయించుకోవాలి.

షుగరు, బీపీ, థైరాయిడ్, మూర్ఛ, గుండెజబ్బు, ఆస్తమా, టీబీ ఉంటే మందులు మీ అంతట మీరు ఆపకండి. మూర్ఛ మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకూ ప్రమాదం. అలాగని కొన్ని మందులు గర్భంలో పనికిరావు: మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, మొటిమలకు మింగే ఐసోట్రెటినాయిన్, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్. వీటిలో ఏది వాడుతున్నా చెకప్ రోజు దాకా ఆగకుండా ఆ మందు రాసిన డాక్టరును వెంటనే కలవండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు గర్భం నిలవగానే మోతాదు తరచూ పెంచాల్సి వస్తుంది, టీఎస్‌హెచ్ పరీక్ష ఆలస్యం చేయొద్దు.

కార్డు మీద "జి2 పి1 ఎల్1 ఎ0" లాంటి గుర్తులు రాస్తారు. ఇది రెండో గర్భం, ఒక కాన్పు అయింది, ఒక బిడ్డ ఉంది, గర్భస్రావాలు లేవు అని దానర్థం. మీ సంగతికి సరిపోయిందో లేదో చూసుకోండి.

5. డాక్టరు పరీక్ష

కనురెప్ప లోపల, నాలుక, అరచేతులు పాలిపోయాయా అని చూస్తారు. గొంతు దగ్గర వాపు, గుండె, ఊపిరితిత్తులు, కాళ్ల వాపు చూస్తారు. గోరింటాకు ఉన్నా ఫరవాలేదు, గోళ్ల రంగు మాత్రం తీసేసి వెళ్లండి. లోపలి పరీక్ష మొదటి చెకప్‌లో చాలామందికి అవసరం పడదు. రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట వంటివి ఉంటేనే చేస్తారు, అదీ మీ అనుమతి అడిగి.

12 వారాలకు ముందు పొట్ట పట్టి చూసినా గర్భసంచి చేతికి అందదు. చిన్న డాప్లర్ యంత్రంతో గుండె చప్పుడు వినిపించేది కూడా సుమారు 10, 12 వారాల తర్వాతే. అంతకుముందు వినిపించలేదని బెంగపెట్టుకోకండి. బిడ్డ కదలికలు తొలి చూలుకు 18 నుంచి 20 వారాలకు తెలుస్తాయి.

6. రక్త పరీక్షలు

ఒకేసారి రక్తం తీసి హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగరు, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేస్తారు. చాలాచోట్ల థైరాయిడ్ కూడా ఉంటుంది. సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు పరీక్షలు, మందులు, కాన్పు ఉచితం. 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఇది మీ హక్కు.

*హిమోగ్లోబిన్:* 11 గ్రాములు, ఆపైన ఉంటే సరి. 10 నుంచి 10.9 స్వల్ప రక్తహీనత, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 కన్నా తక్కువ తీవ్రం. 7 కన్నా తగ్గితే మాత్రలతో ఇంట్లో కూర్చునే వ్యవహారం కాదు, పెద్దాస్పత్రికి వెళ్లాలి. "కొంచెం రక్తం తక్కువుంది" అన్న మాటతో సరిపెట్టుకోకుండా అంకె అడిగి రాసుకోండి. నెల తర్వాత ఒక గ్రామైనా పెరిగిందో లేదో పోల్చేది దానితోనే.

*బ్లడ్ గ్రూపు:* మీది నెగెటివ్ అయితే ఆ రోజే భర్త గ్రూపు కూడా పరీక్ష చేయించండి. ఆయనది పాజిటివ్ అయితే మీకు ఇంకో రక్తపరీక్ష చేసి, మామూలుగా 28 వారాలకూ, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపూ యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. మధ్యలో రక్తస్రావమైనా, గర్భస్రావమైనా అది కావాల్సి రావచ్చు, కాబట్టి ఏ ఆస్పత్రికి వెళ్లినా మొదట చెప్పాల్సిన మాట "నాది నెగెటివ్ గ్రూపు" అన్నది.

*షుగరు:* 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. సరిగ్గా రెండు గంటలకు రక్తం తీస్తారు. 140, ఆపైన వస్తే గర్భంలో షుగరు ఉన్నట్టు. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష చెల్లదు, మర్నాడు మళ్లీ చేయాలి. సిస్టరుకు చెప్పకుండా ఊరుకోవద్దు. ఆ రెండు గంటలూ ఏమీ తినకుండా ఒకచోట కూర్చోండి. ఈసారి మామూలుగా వచ్చినా 24 నుంచి 28 వారాల మధ్య ఇదే పరీక్ష మళ్లీ ఉంటుంది.

*హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి:* ఇవి మిమ్మల్ని అనుమానించి చేసేవి కావు, గర్భిణులందరికీ చేస్తారు. ముందే తెలిస్తే బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపవచ్చు. సిఫిలిస్‌కు పెన్సిలిన్, హెచ్‌ఐవీకి రోజువారీ మందులు, హెపటైటిస్ బికి పుట్టగానే బిడ్డకు టీకా, ఇంజెక్షన్ ఉన్నాయి. ఫలితం రహస్యంగా ఉంచుతారు.

రుబెల్లా, టాక్సోప్లాస్మా వంటి ఇన్‌ఫెక్షన్ల కోసం చేసే టార్చ్ పరీక్షల ప్యాకేజీ అందరికీ అక్కర్లేదు. ఎవరైనా రాస్తే "నాకు ఎందుకు?" అని ఒక్క మాట అడగండి.

7. స్కాన్

పీహెచ్‌సీల్లో చాలాచోట్ల స్కాన్ ఉండదు, ఏరియా ఆస్పత్రికి రాసిస్తారు. మొదటి స్కాన్ చూసేవి నాలుగు: గర్భం సంచిలోనే ఉందా, ఒకటా కవలలా, గుండె కొట్టుకుంటోందా, ఎన్ని వారాలు. మరీ తొలి వారాల్లో యోని ద్వారా తీసే స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. దానివల్ల గర్భానికి హాని లేదు. దానికి మాత్రం మూత్రాశయం ఖాళీగా ఉండాలి. పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడగవచ్చు.

"సంచి కనిపిస్తోంది, గుండె చప్పుడు లేదు" అన్న మాట విని చాలామంది కుప్పకూలిపోతారు. నెలసరి ఆలస్యంగా వచ్చేవాళ్లలో గర్భం మనం లెక్కపెట్టుకున్నదాని కన్నా చిన్నది కావచ్చు. బిడ్డ పొడవు 7 మిల్లీమీటర్లకు చేరకముందు గుండె కనిపించకపోతే వారం పది రోజులాగి మళ్లీ స్కాన్ తీయాల్సిందే. ఆ రెండో స్కాన్ లేకుండా గర్భం తీసేసే మాత్రలకు ఒప్పుకోకండి. రక్తస్రావం ఎక్కువైతే, నొప్పి ఆగకపోతే మాత్రం వెంటనే వెళ్లాలి.

మొదటి మూడు నెలల స్కాన్‌లో వచ్చిన తేదీకీ నెలసరి లెక్క తేదీకీ వారం మించి తేడా ఉంటే స్కాన్ తేదీనే ఖాయం చేస్తారు. ఒకసారి ఖాయమైతే అదే చివరిదాకా. ఏడో నెల, తొమ్మిదో నెల స్కాన్ రిపోర్టుల్లో వేరే తేదీ అచ్చవుతుంది. అది బిడ్డ సైజును బట్టి యంత్రం వేసిన లెక్క, తేదీ మారినట్టు కాదు.

తర్వాతి స్కాన్లకు తేదీలు ఇప్పుడే రాయించుకోండి. బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచే ఎన్‌టీ స్కాన్ 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే తీయాలి, ఆ గడువు దాటితే మళ్లీ దొరకదు. అవయవలోపాలు చూసే టిఫా స్కాన్ 18 నుంచి 20 వారాలకు.

స్కాన్ సెంటర్లో, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలనుకోవడం లేదని ఒక ఫారం మీద సంతకం చేయించుకుంటారు. ఆడో మగో అడగడం 1994 చట్టం ప్రకారం నేరం. అడిగిన కుటుంబసభ్యులకూ జైలు ఉంటుంది.

8. టీకా, మాత్రలు

ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ టీకా మొదటి డోసు తొలి చెకప్‌లోనే ఇవ్వవచ్చు. నాలుగు వారాలకు రెండోది. మూడేళ్లలోపు జరిగిన గర్భంలో రెండు డోసులూ పడి ఉంటే ఇప్పుడు ఒక్కటి చాలు, పాత కార్డు తీసుకెళ్లమన్నది అందుకే. కొందరు డాక్టర్లు నాలుగో నెలలో మొదలుపెడతారు, అప్పుడు తేదీ రాయించుకోండి.

మూడు నెలలు నిండేదాకా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే, రోజూ 400 మైక్రోగ్రాములు. ఇదివరకు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టినా, మూర్ఛ మందులు వాడుతున్నా 5 మిల్లీగ్రాముల మోతాదు రాస్తారు. నాలుగో నెల నుంచి ఐరన్ ఫోలిక్ మాత్ర రోజుకొకటి, కనీసం 180 రోజులు. కాల్షియం రోజుకు రెండు. నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్కసారి, అదీ మొదటి మూడు నెలలు దాటాకే.

ఐరన్, కాల్షియం రెండూ కలిపి మింగడం దాదాపు అందరూ చేసే తప్పు. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. టీ, కాఫీ, పాలు కూడా అంతే. సులువైన పద్ధతి: కాల్షియం ఒకటి పొద్దున టిఫిన్‌తో, ఇంకొకటి మధ్యాహ్నం భోజనంతో, ఐరన్ రాత్రి భోజనమైన గంటకు నిమ్మకాయ నీళ్లతో. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, అది మామూలే. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, పండ్లు పెంచండి. ఐరన్ మాత్రలకు బిడ్డ నల్లగా పుడుతుందని, తల పెద్దదై కాన్పు కష్టమవుతుందని చెప్పే మాటల్లో నిజం లేదు. కాన్పులో రక్తం పోయినప్పుడు తట్టుకునే శక్తి ఇచ్చేది ఆ మాత్రే.

9. బయటికి రాకముందు కార్డు చదవండి

ఇవన్నీ ఉన్నాయా చూడండి: ఆఖరి నెలసరి తేదీ, కాన్పు అంచనా తేదీ, బీపీ, బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్ అంకె, బ్లడ్ గ్రూపు, మూత్రం ఫలితం, టీడీ తేదీ, తర్వాతి చెకప్ తేదీ. ఫలితం ఇంకా రాని పరీక్షల పేర్లు మీ కాగితం మీద రాసుకుని, ఎప్పుడు ఎవరిని అడగాలో తెలుసుకోండి. రక్తం ఇచ్చి, రిపోర్టు తెచ్చుకోకపోవడం వల్ల వృథా అయ్యే పరీక్షలే ఎక్కువ.

కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తే అది హైరిస్క్ గుర్తు. ముందు సిజేరియన్, కవలలు, బీపీ, షుగరు, తీవ్ర రక్తహీనత, నెగెటివ్ గ్రూపు, గుండెజబ్బు, వయసు మరీ తక్కువ లేదా 35 దాటడం వంటివి కారణాలు. "ఎందుకు పెట్టారు, కాన్పు ఏ ఆస్పత్రిలో?" ఈ రెండూ అక్కడే అడగండి.

మొత్తం కనీసం నాలుగు చెకప్‌లు: ఇప్పుడు ఒకటి, 14 నుంచి 26 వారాల మధ్య ఒకటి, 28 నుంచి 34 మధ్య ఒకటి, 36 దాటాక ఒకటి. ఎర్ర స్టిక్కరు ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

కార్డు రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసి భర్తకు, అమ్మకు పంపండి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లేవాళ్లు వెళ్లేముందే ఇక్కడి ఏఎన్‌ఎంకు, వెళ్లిన వారంలోపు అక్కడి ఏఎన్‌ఎంకు చెప్పాలి. అక్కడ కొత్తగా పేరు రాయించుకోకండి, ఒకే మనిషికి రెండు నంబర్లు పడితే లెక్కలన్నీ చిక్కుపడతాయి. ఉన్న ఆర్‌సీహెచ్ నంబరే చూపించి, అసలు కార్డు, స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం ఒకే కవర్లో పెట్టుకుని చేతిసంచిలో తీసుకెళ్లండి. బస్సు డిక్కీలో వేసే పెట్టెలో కాదు.